ఫ్రేమ్ పూల్ పెట్టే ముందు నేల సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు హొరమావులో మా ఇంటి వెనక పెరట్లో రెండు వేసవులుగా పిల్లల కోసం 12 అడుగుల ఫ్రేమ్ పూల్ (పైపుల ఫ్రేమ్‌కి ప్లాస్టిక్ షీటు తగిలించి నేల మీద నిలబెట్టే తొట్టి) పెడుతున్నాం. ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఊళ్ళో ఉన్న చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ఏ కంపెనీది, ఎంత పడింది అన్నవి రెండు నిమిషాల్లో తేలిపోతాయి. మిగతా మాటలన్నీ నేల గురించే. పూల్‌ని పెట్టెలోంచి తీసి నిలబెట్టడం గంట పని. దాని కింద నేల సిద్ధం చేయడం రెండు రోజుల పని. మొదటి ఏడాది ఆ రెండు రోజులూ మిగుల్చుకోబోయి నవ్వులపాలయ్యాను కాబట్టి, ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. లెక్కలన్నీ 12 అడుగుల గుండ్రటి పూల్‌కి, రెండడుగుల లోతు నీళ్ళకి.

పిల్లలు ఆడుకునే పూలే కదా, నేలకి ఇంత హడావుడి అవసరమా?

ముందు బరువు చూడండి. ఆ పూల్‌లో దాదాపు 6,500 లీటర్లు పడతాయి. లీటరుకి కిలో చొప్పున ఆరున్నర టన్నులు. ఆరేడు చిన్న కార్లు ఒకేచోట నిలబెట్టినట్టు.

అలాగని నేల కుంగిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఇది చెప్తే చాలామంది నమ్మరు. రెండడుగుల నీళ్ళు చదరపు అడుగు మీద మోపే బరువు 57 కిలోలే. 60 కిలోల మనిషి నిలబడితే అరికాళ్ళ కింద పడే ఒత్తిడి దీనికి రెండింతల పైనే ఉంటుంది. ఎవరూ కదపని గట్టి నేల ఈ బరువుని సునాయాసంగా మోస్తుంది. చిక్కల్లా నేల ఒకచోట గట్టిగా, ఇంకోచోట వదులుగా ఉన్నప్పుడూ, వాలుగా ఉన్నప్పుడూ.

నీళ్ళ పైభాగం ఎప్పుడూ మట్టంగానే నిలుస్తుంది కాబట్టి నేల ఎటు వాలితే అటు లోతు పెరుగుతుంది. లోతుతో పాటు గోడ మీద తోపు ఇంకా వేగంగా పెరుగుతుంది. 62 సెంటీమీటర్ల లోతున్నచోట మీటరు పొడవు గోడని నీళ్ళు సుమారు 190 కిలోల బలంతో తోస్తాయి. 72 సెంటీమీటర్లున్నచోట 260 కిలోలు. పది సెంటీమీటర్ల తేడాకే తోపు మూడో వంతు ఎక్కువైంది. ఆ పక్క కాళ్ళు బయటికి జారడం, పైపు జాయింట్లు విచ్చుకోవడం అక్కడే మొదలవుతాయి.

మా పెరడు కంటికి చదునుగానే ఉంది. ఇంకా కొలవాలా?

నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అనలేదు. మన కంటికి అందని పల్లం దానికి అందుతుంది. మా పెరడు కూడా కంటికి బల్లపరుపుగానే కనిపించింది. కొలిస్తే నాలుగంగుళాల తేడా.

పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మధ్యలో ఒక మేకు దిగ్గొట్టి, దానికి ఏడడుగుల తాడు కట్టి, చుట్టూ తిరుగుతూ ముగ్గుపిండితో గుండ్రంగా గీయండి. పూల్‌కి ఆరడుగులు, చుట్టూ వదులుకోవడానికి ఒక అడుగు. ఆ గీత మీద సమదూరంలో ఎనిమిది చోట్ల పుల్లలు గుచ్చండి. తర్వాత మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు కావాలి. హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు. లోపల నీళ్ళు కనిపించే రకం తీసుకోండి. దాని రెండు కొసల్లో నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక కొస మధ్య మేకు దగ్గర ఒకరు పట్టుకుంటే, రెండో కొస ఒక్కో పుల్ల దగ్గరికి తీసుకెళ్ళి, నీటి మట్టం నుంచి నేల దాకా రెండు చోట్లా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. కొలిచేటప్పుడు రెండు కొసల మీదా బొటనవేలు తీసేయాలి. మా తమ్ముడు ఇది మర్చిపోయి నన్ను గంటసేపు తిప్పాడు.

రసమట్టాన్ని ఒట్టిగా నేల మీద పెట్టి చూస్తే ఆ అడుగు జాగా సంగతే చెప్తుంది. వాడాలంటే ఆరడుగుల అల్యూమినియం పట్టీ మీద పెట్టి, మధ్య నుంచి గడియారం ముల్లులా తిప్పుతూ చూడండి. ఫోన్లోని లెవెల్ యాప్ గోడకి పటం తగిలించడానికి సరిపోతుంది, దీనికి చాలదు.

ఈ అంచు నుంచి ఆ అంచుకి అర అంగుళం తేడా వస్తే చాలా బాగా చేసినట్టు. అంగుళం దాకా నేను సరిపెట్టుకుంటాను. రెండంగుళాలు దాటితే మాత్రం నీళ్ళు పట్టకండి.

పల్లం వైపు మట్టి పోసి ఎత్తు చేస్తే తొందరగా అయిపోతుంది కదా?

నేను మొదటి ఏడాది చేసింది సరిగ్గా ఇదే. తూర్పువైపు పల్లంగా ఉంటే, పక్క సైటులో పునాదికి తవ్విన ఎర్రమట్టి అడిగి తెచ్చి, పోసి, కాళ్ళతో తొక్కి, పూల్ పెట్టేశాను. అమ్మినవాళ్ళేమో "ఎక్కడైనా పెట్టుకోవచ్చు సార్" అన్నారు. పది రోజులు బాగానే ఉంది. మే నెలలో ఒక సాయంత్రం గట్టి వాన కురిసింది. పోసిన మట్టి నాని దిగింది. పొద్దున లేచి చూస్తే పూల్ తూర్పుకి తిరిగి దండం పెడుతోంది. సగం నీళ్ళు కాంపౌండ్ గోడ కిందుగా పక్కింటివాళ్ళ కరివేపాకు మడిలోకి పోయాయి. ఆ ఆంటీ నవ్వేసి ఊరుకున్నారు కాబట్టి సరిపోయింది.

పల్లాన్ని నింపకూడదు, మిట్టని దించాలి. ఎనిమిది కొలతల్లో అన్నిటికంటే కిందున్న చోటు ఏదో దాన్నే మట్టంగా పెట్టుకుని, మిగతా నేలని గునపం, పారలతో అక్కడిదాకా దించండి. తవ్విన మట్టి మొక్కలకి పోసుకోండి, పూల్ కిందికి మాత్రం తేవద్దు. రాయో పాత వేరో పీకినప్పుడు పడే గుంతల్ని పూడ్చక తప్పదు. అప్పుడు రెండంగుళాల చొప్పున పొరలుగా వేస్తూ, నీళ్ళు చిలకరిస్తూ, ప్రతి పొరనీ దిమ్మిసతో కొట్టాలి. గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి నీళ్ళు అంటకూడదు. అదీ మట్టికి ఉండాల్సిన తడి. ఇక మొత్తం వాలు అడుగు దాటితే ఆ చోటు వదిలేసి ఇంకోచోట చూసుకోవడమే మేలు.

మాది 30x40 సైటు, పెరడు లేదు. మిద్దె మీద పెట్టుకోవచ్చా?

వద్దు. అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. నేను మొండిగా చెప్పేదీ ఇదొక్కటే.

ఇళ్ళ డిజైన్‌కి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగంలో, మనుషులు తిరిగే మిద్దెకి అదనపు బరువు కింద చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు లెక్కవేస్తారు. లోపలి గదులకైతే 200. రెండడుగుల నీళ్ళు చదరపు మీటరుకి 610 కిలోలు. నిజానికి అర అడుగు నీళ్ళతోనే ఆ 150 అయిపోతుంది.

"మొన్న గృహప్రవేశానికి మిద్దె మీద యాభైమంది భోంచేశారు, ఏమీ కాలేదే" అంటారు. యాభైమంది అంటే మూడు టన్నుల పైచిలుకు, అదీ మిద్దెంతా పరుచుకుని, రెండు గంటలు. ఇక్కడ ఆరున్నర టన్నులు 113 చదరపు అడుగుల్లో, నెలల తరబడి కూర్చుంటాయి. "మరి పైన నీళ్ళ ట్యాంకు ఉందిగా" అని ఇంకో ప్రశ్న. ట్యాంకు మామూలుగా మెట్ల గది పైన, కింద బీములూ పిల్లర్లూ పట్టుకున్నచోట ఉంటుంది. ఆ బరువుని ముందే లెక్కవేసి కడతారు. నేల అయితే అంతటా ఆనుకుని మోస్తుంది. శ్లాబు చుట్టూ ఉన్న బీముల మీద ఆనుకుని మధ్యలో వంగుతుంది. అందుకే ఇందాక చెప్పిన మనిషి అరికాళ్ళ లెక్క ఇక్కడ పనికిరాదు.

అయినా కావాల్సిందే అంటే ఇంటి డ్రాయింగులు పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గరికి వెళ్ళండి. ఆయన చూసి, కాగితం మీద రాసిస్తే అప్పుడు పెట్టుకోండి. మేస్త్రీ నోటిమాట చాలదు, నా నోటిమాటా చాలదు.

కార్ పార్కింగ్‌లో ఇంటర్‌లాక్ రాళ్ళు వేసి ఉన్నాయి. అక్కడ పెడితే?

గట్టితనానికి లోటు ఉండదు. కానీ వాన నీళ్ళు గేటు వైపు పోవాలని మేస్త్రీ కావాలనే దాన్ని వాలుగా వేసి ఉంటాడు. నూరు అడుగులకి అడుగు వాలైతే 12 అడుగుల పూల్ కింద అంగుళంన్నర తేడా. అరవైకి అడుగైతే దాదాపు రెండున్నర అంగుళాలు. కాబట్టి ట్యూబుతో కొలవకుండా ముందుకి పోవద్దు. వాలు ఎక్కువగా ఉంటే దాని మీద క్రషర్ డస్టు (రాయి కొట్టే మిషన్ల దగ్గర మిగిలే పొడి) పోసి సరిచేయాలని చూడకండి, అంచుల్లోంచి జారిపోతుంది.

అంతకంటే ముఖ్యం, కింద సంపు ఉందేమో చూసుకోవడం. బెంగళూరు ఇళ్ళలో సంపు చాలావరకు గేటు దగ్గర, పార్కింగ్ కిందే ఉంటుంది. బయటికి కనిపించేది మూత ఒక్కటే. తొట్టి ఎటు ఎంతదూరం పోయిందో ఇల్లు కట్టించినవాళ్ళకే తెలుసు. సంపు మీద, సెప్టిక్ ట్యాంకు మీద, డ్రైనేజీ చాంబర్ల మీద పూల్ పెట్టకూడదు. ఇంకుడు గుంత మీద కూడా పెట్టకూడదు. వాన నీటి సేకరణని తప్పనిసరి చేస్తూ బెంగళూరు జలమండలి చట్టానికి 2009లో చేసిన సవరణ తర్వాత కట్టిన చాలా ఇళ్ళలో వాన నీటి గుంత ఒకటి ఉంటుంది. పైన గడ్డి పెరిగిపోతే దాని జాడే తెలియదు. లోపల కంకర, ఇసుక వదులుగా ఉంటాయి. తడిసి దిగాయంటే పూల్ కూడా వాటితో పాటే.

అమ్మ ఈశాన్యంలోనే పెట్టమంటోంది.

నీళ్ళు ఈశాన్యంలో ఉండాలన్న మాట మీదే మన సంపులూ బోర్లూ ఎక్కువగా ఆ మూలనే ఉంటాయి. అంటే నేల బోలుగా ఉండే అవకాశం ఎక్కువున్న మూల కూడా అదే. ఇది మూడు నెలలుండే తొట్టి, కట్టడం కాదు అని చెప్పి మేం కొంచెం ఉత్తరానికి జరిపాం. మా అమ్మ ఊరుకుంది.

గడ్డి పరుపులా మెత్తగా ఉంది. దాని మీదే వేసేయొచ్చా?

గడ్డి కింద చచ్చి కుళ్ళి, వాసన వేసి, అక్కడక్కడ నేల దిగుతుంది. అది చిన్న బాధ. అసలు బాధ గరిక, తుంగ. వినాయకుడికి పెట్టే గరికే. దాని మొలకలు సూదుల్లా ప్లాస్టిక్‌ని పొడుచుకుని లోపలికి వస్తాయి. పూల్‌తో వచ్చే పుస్తకాల్లో జాగ్రత్త పడమని చెప్పే "బెర్ముడా గ్రాస్" మన గరికే. చదివినవాళ్ళు అదేదో విదేశీ గడ్డి, మన పెరట్లో ఎందుకుంటుంది అనుకుంటారు. తుంగ ఇంకా మొండి ఘటం. నేలలో గడ్డలుంటాయి కాబట్టి పైన చెక్కేస్తే కొద్దిరోజుల్లోనే మళ్ళీ లేస్తుంది.

గీత లోపల మూడు నాలుగు అంగుళాల మట్టి గడ్డితో సహా తీసేయండి. వేర్లు, తుంగ గడ్డలు, రాళ్ళు, గాజు పెంకులు చేత్తో ఏరండి. పది పదిహేను రోజులు ఎండకి వదిలితే మిగిలినవి మొలకెత్తి బయటపడతాయి, వాటినీ పీకేయండి. ఉగాదికి మొదలుపెడితే సెలవులకి తయారవుతుంది. కలుపు మందు కొడితే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే పని మొదలుపెట్టండి.

ఎం-సాండ్ (రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుక) పోస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. ఇసుకా, డస్టా?

నా ఓటు క్రషర్ డస్టుకే. తడిపి దిమ్మిస కొడితే బిగుసుకుని కూర్చుంటుంది. ఇసుక ఎంత కొట్టినా కదులుతూనే ఉంటుంది. పిల్లలు నడిస్తే అడుగుల ముద్రలు పడతాయి, వానకి కొట్టుకుపోతుంది, చీమలు పుట్టలు పెడతాయి, పందికొక్కులు దూరతాయి. వీధి పిల్లులు దాన్ని దేనికి వాడుకుంటాయో చెప్పక్కర్లేదు. ఎం-సాండ్ కూడా రాయి పొడే, గింజలకి పదును ఉంటుంది, ప్లాస్టిక్‌కి నేరుగా తగిలితే గీరుతుంది.

మట్టిని ముందే మట్టానికి తెచ్చి ఉంటారు కాబట్టి డస్టు అంతటా ఒకే మందం, రెండంగుళాలు చాలు. మట్టి పనిలో మిగిలిన తప్పుని డస్టుతో కప్పిపుచ్చకండి. 14 అడుగుల వలయానికి రెండంగుళాలంటే 26 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు). కొడితే అణుగుతుంది కాబట్టి 32 నుంచి 35 సీఎఫ్‌టీ తెప్పించుకోండి. అంచు చుట్టూ ఒక వరస ఇటుకలు పాతితే పక్కలకి జారదు. పైన కావాలంటే ప్లాస్టరింగ్‌కి వాడే పీ-సాండ్ జల్లెడ పట్టి పలచగా చల్లుకోవచ్చు.

ఫ్రేమ్ కాళ్ళు నేలలోకి దిగకుండా ఏం పెట్టాలి?

అడుగు చదరం కడప రాయి ముక్కలు. ఇక్కడ వంటింటి పనులకి బాగా వాడే రాయే, మిగిలిన ముక్కలు చవకగా ఇస్తారు. రాయిని నేల మీద పెట్టకూడదు, నేలలోకి దించాలి. పైభాగం నేలతో సమానంగా రావాలి. మీద పెడితే ఆ కాలు ముప్పావు అంగుళం ఎత్తు పెరుగుతుంది, షీటు రాయి అంచుకి ఒరుసుకుని తెగుతుంది. రాయి కింద డస్టు, సిమెంటు కలిపి పరిచి, ఎక్కడా బోలు లేకుండా కూర్చోబెట్టండి. బోలుంటే కడప రాయి పొరలు విడిపోతుంది. అన్ని రాళ్ళ మట్టమూ మళ్ళీ ట్యూబుతో సరిచూసుకోవాలి. పూల్ నిలబెట్టాక కాళ్ళు రాయి నడిమధ్యకి వచ్చేలా ముందే కొలిచి గుర్తులు పెట్టుకోండి. నేను అంచనా మీద పాతి, పన్నెండింటిలో ఐదు మళ్ళీ తవ్వాను.

నేలకీ పూల్‌కీ మధ్య ఏం పరచాలి?

పూల్‌తో వచ్చే గుడ్డ పలచగా ఉంటుంది, దాని కింద ఇంకోటి కావాలి. పాత ఫ్లెక్సులు బాగా పనికొస్తాయి, ఎన్నికలయ్యాక వాటికి కొదవ ఉండదు. చుట్టూ ఉండే ఇనుప రింగుల అంచు కత్తిరించేసి, ముడతలు లేకుండా పరచండి. పార్సిల్ పెట్టెల్లో వచ్చే థర్మకోల్ వద్దు, పూసలుగా విడిపోయి గుంతలు పడుతుంది. గట్టి రకం ఫోమ్ షీటు అంగుళం మందం వేయగలిగితే పాదాలకి హాయి. పాత కార్పెట్లు, గోనె సంచులు నీళ్ళు పీల్చి చెదలు పడతాయి. తారు వేసిన చోట ఏదీ అడ్డం లేకుండా పూల్ పెట్టకండి, పూల్ షీటు చేసే వినైల్ ప్లాస్టిక్‌కి తారు పడదు.

కాంక్రీట్ బెడ్ వేసేస్తే గొడవ వదులుతుంది కదా?

సొంత ఇల్లు అయి, ఏటా అక్కడే పెడతామనుకుంటే వేయండి. నేల దిమ్మిస కొట్టి, 14 అడుగుల చదరంలో నాలుగంగుళాల మందం, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్ళలో. పదకొండు పన్నెండు బస్తాల సిమెంటు పడుతుంది. వాలు లేకుండా వేయమని మేస్త్రీకి రెండుసార్లు చెప్పండి. అలవాటు చొప్పున వాలు పెట్టేస్తారు. కనీసం వారం రోజులు తడపాలి. పైభాగం గరుకుగా ఉంటే దాని మీద ఫోమ్ తప్పనిసరి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోకండి, ఓనర్ అడ్వాన్సులో కోసుకుంటాడు.

వానకి ఏం చేయాలి?

మిట్టని దించామంటే ఆ వైపు నేల పూల్ కంటే ఎత్తులో ఉన్నట్టే. అక్కడి నీళ్ళు వచ్చి డస్టు కిందికి దూరతాయి. పైవైపు జానెడు వెడల్పు కాల్వ అర్ధచంద్రాకారంగా తీసి, పల్లం వైపుకి వదలండి. మిద్దె మీది వాన నీటి పైపు పూల్ వైపు పడుతుంటే ముందు దాన్ని మళ్ళించండి. బెంగళూరులో వేసవి జల్లుల సంగతి ఎలా ఉన్నా, సెప్టెంబరు, అక్టోబరు వానల ముందు మేం పూల్ తీసేస్తాం.

మేం చెన్నైలో ఉంటాం. ఇవే లెక్కలా?

కొలతలు అవే, నేల వేరు. తిరువాన్మియూరు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు సముద్రపు ఇసుక. నీళ్ళు నిలవవు కానీ ఇసుక జారుతుంది కాబట్టి చుట్టూ ఇటుకల వరస తప్పదు. వేళచ్చేరి, పళ్ళికరణై లాంటి పల్లపు చోట్ల బంకమట్టి తగిలితే ఎండకి పగిలి వానకి ఉబ్బుతుంది, డస్టు పొర ఇంకో రెండంగుళాలు పెంచండి. చెన్నై పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈలోపు పూల్ మడిచి అటక మీద పెట్టేయాలి.

నీళ్ళు ఎక్కడివి?

కావేరి నీళ్ళు పట్టకండి. 2024 మార్చిలో కొరత ముదిరినప్పుడు జలమండలి స్విమ్మింగ్ పూల్స్‌కి తాగునీళ్ళు వాడకూడదని 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మేం బోరు నీళ్ళు పట్టి, వడపోస్తూ సీజనంతా అవే వాడతాం. ట్యాంకర్ తెప్పిస్తే లారీ దారిలో సంపు మూతలు, చాంబర్లు లేకుండా చూసుకోండి. నీళ్ళతో నిండిన లారీ పూల్ కంటే బరువు. పంపు ప్లగ్గు 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైన్ మీదే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు తడి నేల మీద వేయొద్దు.

నింపేశాం. ఒక పక్కకి ఒరిగినట్టుంది. కింద ఏదైనా చెక్క దూర్చి సరిచేయొచ్చా?

ఆరున్నర టన్నుల కింద దూరే చెక్క లేదు. పిల్లల్ని బయటికి పిలిచి, ఎత్తుగా ఉన్న పక్కన నిలబడి ట్యూబు వేసి నీళ్ళు మొక్కలకి వదిలేయండి. క్లోరిన్ వేసి ఉంటే రెండు మూడు రోజులు ఎండకి ఆగాక వదలండి, అయితే కాళ్ళు జారుతుంటే మాత్రం ఆగొద్దు. ఖాళీ చేసి, పూల్ పక్కకి లాగి, కింద మళ్ళీ ఎనిమిది చోట్లా కొలిచి మిట్టని దించాలి.

మళ్ళీ నింపేటప్పుడు ఒకేసారి నింపకండి. రెండంగుళాల నీళ్ళు పట్టి, ముడతలు చేత్తో అంచులకి నెట్టి, స్కేలుతో నాలుగు పక్కలా లోతు చూడండి. ఒక పక్క అంగుళం, ఎదుటి పక్క మూడంగుళాలు వస్తే అక్కడే ఆపేయండి. పారబోయాల్సింది ఐదువందల లీటర్లే.